నాలుగు చుట్లు

పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు సిద్ధమయ్యే మన మార్కాపురం, గిద్దలూరు పిల్లలకు పుస్తకాలకన్నా పరుగంటేనే ఎక్కువ భయం. పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాలలో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. 400 మీటర్ల బాటపై నాలుగు చుట్లు. పురుషులకు చుట్టుకు రెండు నిమిషాలు. మొదటి చుట్టును నిమిషంన్నరలో ముగించి, మూడవ చుట్టులో నడుము పట్టుకొని నిలిచిపోయేవారే ఎక్కువ.

కొత్తవారు మొదటి రెండు వారాలు గడియారాన్ని మరచిపోవాలి. ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఎనిమిది మార్లు, రోజు విడిచి రోజు. పక్కవారితో మాట్లాడగలిగే వేగం చాలు. (ప్రతిదానికీ పందెం కాసే స్నేహితుణ్ణి మాత్రం వెంట తీసుకెళ్ళకండి.) తరువాత పరుగు పెంచుతూ నడక తగ్గించాలి. వారానికి మొత్తం దూరంలో సుమారు పదోవంతుకు మించి పెంచరాదు. ఊపిరి త్వరగా అలవాటుపడుతుంది, ఎముకలకు ఎక్కువ కాలం పడుతుంది. ముంగాలి ఎముకపై ఒకేచోట నొప్పి నిలిచిపోతే పరుగు ఆపి వైద్యునికి చూపించాలి. మన వేసవిలో ఫజ్ర్ నమాజు ముగిసిన వెంటనే బయలుదేరి, ఎండ ఎక్కకముందే ఇల్లు చేరాలి. రమజానులో ఇఫ్తార్ తరువాత కొంత విరామమిచ్చి తేలికగా పరుగెత్తితే చాలు.

ఆడపిల్లలను మైదానానికి పంపడానికి సంకోచించే తల్లిదండ్రులున్నారు. హజ్రత్ ఆయిషా (రజి) మహాప్రవక్త (స)తో పరుగుపందెం వేసి గెలిచారనీ, మరొకప్పుడు ఆయన గెలిచారనీ అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. వదులైన దుస్తులు, పాదానికి సరిపోయే బూట్లు, తోడుగా తండ్రో అన్నో ఉంటే ఇక అడ్డేమిటి? ఆమె పరుగుకు వెళ్ళిన ఆ అరగంట వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టే పని ఇంట్లోని తమ్ముళ్ళకు అప్పగించండి.