పోయిన బ్రేకు ఎట్లా వచ్చింది?

పిల్లలూ!

మా నార్కట్‌పల్లి పక్కనే చెరువుగట్టు గుట్ట ఉన్నది. గుట్టమీద జడల రామలింగేశ్వరస్వామి గుడి. పైదాకా ఘాటు రోడ్డు ఉన్నది. ఒకనాడు మనుమణ్ణి వెంటబెట్టుకుని అద్దె కారులో దర్శనానికి వెళ్ళాను.

దిగేటప్పుడు డ్రైవరు దారిపొడుగునా బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. సగం దూరం వచ్చేసరికి, "సార్, బ్రేకు పడటం లేదు!" అన్నాడు. పెడలు దూదిమూటలో కాలు పెట్టినట్టు అడుగుదాకా పోతున్నది. అతడు ధైర్యం విడవక గేరు తగ్గించాడు. హాండ్ బ్రేకు మెల్లమెల్లగా లాగి, కారును గుట్టవైపు అంచుకు చేర్చి ఆపాడు. బ్రతుకుజీవుడా అని అందరమూ దిగాము.

చిత్రమేమిటంటే, ముప్పావుగంట గడిచాక పెడలు మళ్ళీ గట్టిగా పట్టింది!

"తాతా, పోయిన బ్రేకు ఎట్లా వచ్చింది?" అన్నాడు మనుమడు.

అసలు సంగతి వినండి. పెడలుకూ చక్రానికీ మధ్య ఉన్నది ఒక ద్రవం. దాన్ని అందరూ బ్రేక్ ఆయిల్ అంటారు గాని, అది నూనె కాదు. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే, ఆ ఒత్తిడి అన్నివైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్సు దేశపు పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. మన పాదం బలం చక్రాలకు చేరేది ఆ సూత్రం వల్లనే.

మీరే చేసి చూడండి. సూదిలేని కొత్త సిరంజీలు రెండు తీసుకుని, సన్నని గొట్టంతో కలిపి, నిండా నీళ్ళు పట్టండి. ఒకదాన్ని నొక్కితే రెండోది వెంటనే కదులుతుంది. ఇప్పుడు కొంత గాలి ఉంచి, రెండోదాన్ని వేలితో అదిమిపట్టి నొక్కండి. గాలి నలుగుతుంది, రెండోది కదలదు. నీరు నలగదు, గాలి నలుగుతుంది. అంతే తేడా!

మరి బ్రేకులోకి గాలివంటిది ఎట్లా వచ్చింది? వానాకాలంలో మూతలేని జాడీలో ఉప్పు చెమ్మగిల్లుతుంది కదా! బ్రేక్ ఆయిల్ కూడా అట్లాగే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 'డాట్ 4' రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వేడిదాకా మరగదు. నూటికి సుమారు నాలుగుపాళ్ళ నీరు చేరితే 155 డిగ్రీలకే మరగవచ్చు. పల్లంలో ఎడతెగక తొక్కితే బ్రేకులు కాలిపోతాయి. ఆ వేడికి ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. పాదం బలమంతా బుడగలను నలపడానికే చాలుతుంది. చల్లారితే బుడగలు మళ్ళీ ద్రవమౌతాయి, బ్రేకు తిరిగి వస్తుంది. కాని మరోసారి వేడెక్కితే మళ్ళీ పోతుంది. అందుకే మేము కారెక్కక నడిచే దిగాము.

గుట్టకు వచ్చిన మెకానిక్కుతో డ్రైవరు, "తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాను గదా!" అన్నాడు.

"పొయ్యడం వేరు, మార్చడం వేరు," అన్నాడు మెకానిక్కు. ఆరేళ్ళుగా పాతది తీయనేలేదట!

డబ్బా నిండుగా కనిపిస్తే చాలదు, పిల్లలూ. రంగు మారకపోయినా నీరు చేరి ఉండవచ్చు. చాలా వాహనాలకు రెండేళ్ళకొకసారి మార్చాలి. వాహనంతో వచ్చిన పుస్తకంలో గడువు రాసి ఉంటుంది. ఆ ద్రవం విషం, మీరు ముట్టుకోకండి. ఇక గుట్ట దిగేటప్పుడు మొదటినుంచే తక్కువ గేరులో దిగాలి.

ఈ సాయంత్రం మీ అమ్మానాన్నలను ఒక్క ప్రశ్న అడగండి: "మన బండికి బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?" జవాబు తడుముకుంటే, మార్పించే వేళ అయిందన్నమాటే!