కందిరీగకు నీళ్ల తొట్టితో ఏం పని?

వేసవి వచ్చిందంటే పెరట్లో నీళ్ల తొట్టి చుట్టూ కందిరీగలు చేరడం మీరు చూసే ఉంటారు. చెంబు ముంచబోతే చెవి పక్కనే జుమ్మంటాయి. వెంటనే ఎవరో ఒకరు "గూడు ఎక్కడుందో వెతికి తగలబెట్టండి" అంటారు. కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిలు పోసి బయలుదేరేవాళ్లూ ఉంటారు. ఇది తొందరపాటు పని అని నా అభిప్రాయం. ఏ పురుగునైనా తరిమే ముందు అది ఎందుకు వస్తోందో తెలుసుకోవాలి.

కందిరీగ తొట్టి దగ్గరకు మనల్ని కుట్టడానికి రాదు, నీళ్ల కోసం వస్తుంది. ఆ నీళ్లతో దానికి మూడు అవసరాలున్నాయి. మొదటిది దాహం. రెండవది గూడు. పాత తలుపుల మీద, ఎండుకొమ్మల మీద ఉండే నారను గీకి, నమిలి, తడి ముద్ద చేసి పలుచని పొరలుగా పరుస్తుంది. ఆరితే అది కాగితమే! చింకిగుడ్డలతో కాగితం చేసే ఆ రోజుల్లో, 1719లో, రయూమర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ గూళ్లను చూసి, చెక్కతో కూడా కాగితం చేయవచ్చునని సూచించాడు. మూడవది చల్లదనం. ఎండ ముదిరితే నీటిబొట్లు తెచ్చి గూటిలో ఉంచి, రెక్కలతో విసురుతుంది. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే.

కారణం తెలిస్తే ఉపాయం కష్టం కాదు. తొట్టికి సందు లేకుండా మూత వేయండి. కారే కొళాయికి వాషరు మార్పించండి. మామిడి తొక్కలు, ఎంగిలి ఆకులు తొట్టి దగ్గర పడేయకండి. పెరటి చివర, మనుషులు తిరగని చోట ఒక మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోసి ఉంచండి. ఆ నీళ్లు రోజూ మార్చండి. మూత వల్ల మరో లాభం కూడా ఉంది: డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ల తొట్లలోనే.

"చంపేస్తే పోదా?" అని మీరు అడగవచ్చు. పోదు. నీళ్లు తెరిచి ఉన్నంతకాలం మరో గూటి నుంచి వస్తాయి. పైగా, చాలా జాతుల్లో ఒకదాన్ని నలిపితే దాని విషపు వాసన తక్కినవాటిని రెచ్చగొడుతుంది. తేనెటీగ ముల్లు మన చర్మంలో ఉండిపోతుంది. కందిరీగ ముల్లు అలా ఉండిపోదు కాబట్టి ఒక్కటే పలుమార్లు కుట్టగలదు. "కందిరీగల తుట్టెను కదిపినట్లు" అనే మాట ఊరికే పుట్టలేదు. ఇక కాగడా వల్ల ఇంటి చూరుకే నిప్పు అంటుకోవచ్చు. మరో సంగతి, కందిరీగలు తమ పిల్లలకు గొంగళిపురుగులను వేటాడి పెడతాయి. మీ పెరటి మొక్కలకు అవి కూలి అడగని కాపలాదారులు.

గూడు తొట్టి పక్కనో, గుమ్మం పైనో ఉంటే మాత్రం తీయించక తప్పదు. ఆ పని తెలిసిన పెద్దలు చేయాలి, మీరు కాదు. ఒకవేళ కుడితే చల్లటి నీళ్ల గుడ్డ వేయండి. చాలాచోట్ల కుట్టినా, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మూత వేయడానికి ముందు ఒక రోజు, వేశాక వారానికి ఒక రోజు, అదే వేళకు దూరంగా నిలబడి పది నిమిషాల్లో ఎన్ని కందిరీగలు వచ్చాయో లెక్కపెట్టండి. నా మాట నమ్మనక్కరలేదు, మీ లెక్కను నమ్మండి.