అశ్మరీవ్యాధి - దేశభేదములు

మూత్రపిండములలో రాళ్లేర్పడుట వారివారి ప్రారబ్ధమనియు, కాదేని పాలకూర, టమాటాల ఫలమనియు మనవారు పెక్కండ్రు తలచుచున్నారు. కొన్ని కుటుంబములందిది వంశానుగతముగా వచ్చుట నిజమే. గాని యొక సీమలో మెండుగను వేఱొక సీమలో నరుదుగను కానవచ్చుటకు వంశమొక్కటియే కారణమనుట మాకు సమ్మతము గాదు.

అమెరికా ఆగ్నేయరాష్ట్రములను అచ్చటి వైద్యులు రాళ్లపట్టీ యని వ్యవహరింతురు. వేడిమి హెచ్చినకొలది చెమట హెచ్చును, మూత్రము చిక్కబడును, అందలి కాల్షియము, ఆక్సలేటు కలసి స్ఫటికములై పేరుకొనును. అయితే 1988-94లో ఆ దేశపు వయోజనులలో నూటికి 5.2 వంతున నున్న యీ వ్యాధి 2007-10 నాటికి 8.8కు పెరిగినది. ఎండ యంతలో నంతగా పెరుగలేదు గదా! స్థూలకాయమును మధుమేహమును నీ వ్యాధికి తోడుబోతులని ఆ లెక్కలే చూపినవి.

పేదఱికపు రాయి వేఱు. అది మూత్రాశయమున, ముఖ్యముగా మగపిల్లలకు, పుట్టును. బాలురకిది మిక్కుటమని సుశ్రుతుడేనాడో చెప్పియున్నాడు. 1771లో వెలసిన నార్విచ్ ఆస్పత్రి యీ శస్త్రచికిత్సలకే పేరుగాంచినది. పాలు లేక గింజలకూటితోనే పెరుగు బిడ్డల రోగమిది. ఆహారము బాగుపడగా ఇంగ్లండున నిది దాదాపు రూపుమాసినది. లోపముగల యాహారముతో ఎలుకలకు రాళ్లు పుట్టించి, కూనూరులో రాబర్టు మెకారిసన్ దీనిని పరీక్షించెను. ఆ పరిశోధనాలయమే తరువాత హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై యున్నది. రాళ్ల భయమున పాలు మానుకొనువారొక సంగతి వినవలెను: భోజనములో కాల్షియము హెచ్చుగా గల పురుషులకు రాళ్లు తక్కువగా వచ్చినవని 1993లో అమెరికాలో తేలినది.

ఇక నీటి మాట. ఒకసారి రాయి వచ్చిన 199 మందిని ఇటలీలో అయిదేండ్లు గమనించి 1996లో ఫలితములు ప్రకటించిరి. నీరు హెచ్చుగా త్రాగినవారిలో నూటికి 12 మందికి, తక్కినవారిలో 27 మందికి వ్యాధి తిరుగబెట్టెను. మందుకంటె చౌకయైన చికిత్స! కాని, నీరు త్రాగుడని చెప్పుట సులభము. ఇటుకబట్టీకడ మండుటెండలో నిలుచు కూలికి చల్లని నీటికుండ యేది? మరుగుదొడ్డి లేమిచే పగలెల్ల దాహమును బిగబట్టు పనికత్తెకు, బడిపిల్లకు నీ హితవేమి యుపకరించును? పని చేయించుకొనువారు నీడయు, నీరును, మరుగుదొడ్డియు కల్పించితీరవలెనని మేము కోరుచున్నాము. కల్పింపనివారిని తనిఖీయధికారులు ఈ వేసవిలోనే నిలదీయవలెను.