పేస్టు మూతల కోట

నేరేడ్‌మెట్‌లో మా వీధికి పాతసామాన్ల బండి ఆదివారం పొద్దున్నే వస్తుంది. పోయినవారం ఆ బండికి వేద్దామని పక్కన పెట్టిన అట్టపెట్టెను మా మనవరాలు ఎత్తుకుపోయింది. మూడోరోజుకల్లా అది ఘటోత్కచుడి కోట. బురుజుల మీద పేస్టు మూతలు, కిటికీలకి అగరొత్తుల పుల్లలు, కందకంలో నీళ్లకి మాత్రల రేకు. గుడ్ల అట్టను రాత్రంతా నానబెట్టి, పిసికి, ఉడికించిన మైదా కలిపితే కొండరాయికి కావలసిన గుజ్జు తయారు. (పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా మైదాలో మైలతుత్తం కలుపుతారు. పిల్లలున్న ఇంట్లో అది వద్దు.)

గుమ్మం ఎత్తు దగ్గర పేచీ వచ్చింది. బొమ్మల కొలువు పెట్టెలోంచి 6 అంగుళాల కొండపల్లి బొమ్మ తీసి పక్కన నిలబెట్టాను. మనిషి 6 అడుగులనుకుంటే అడుగుకి అంగుళం. బొమ్మరిళ్లు కట్టేవాళ్లు ఎన్నో దేశాల్లో వాడే లెక్క ఇదే. అయితే గుమ్మం 7 అంగుళాలు చాలన్నాను. ‘మరి ఘటోత్కచుడు వంగి వెళ్తాడా?’ అంది. 10 చేశాం.

1957లో వచ్చిన ‘మాయాబజార్’ కోసం వాహినీ స్టూడియోలో ద్వారకను ఇలాగే బుల్లిగా కట్టారు. 50 అడుగులకు 60 అడుగుల జాగాలో దాదాపు 300 ఇళ్లు, వాటిలో కరెంటు దీపాలు. కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల పనితనానికి మార్కస్ బార్ట్‌లే కెమెరా తోడైంది. మన ఇళ్లలో అమ్మమ్మలది ఇంకా చవక బేరం: పగిలిన అద్దం చెరువు, పళ్లెంలో మొలిచిన ఆవాలు చేను.

బడిలో ప్రాజెక్టు అనగానే మాత్రం థర్మాకోలే. అలంకరణకు దాన్ని వాడకూడదని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. అయినా షాపులో అడిగితే రెడీమేడ్ కోట చేతికిస్తారు. నిరుడు మా పిల్ల సొంతంగా చేసుకెళ్లిన ఇంటికి బడిలో తక్కువ మార్కులొచ్చాయి, ‘నీట్‌గా లేదు’ట. కొనుక్కొచ్చినవన్నీ నీట్‌గానే ఉన్నాయి మరి! ఇప్పుడు ‘పాత వస్తువులతో బొమ్మలు’ అంటూ కిట్లు కూడా వస్తున్నాయి. చెత్తతో ఆడే ఆటకి కొత్త ప్యాకెట్ కొనడం నాకైతే మింగుడుపడదు.

టీచర్లకు ఒక్క మనవి. మార్కులు వేసేముందు ఒక్కో ముక్కా చూపించి, ‘ఇది ఇంతకుముందు ఏమిటి?’ అని పిల్లల్ని అడగండి.