రౌతు లేని గుర్రం

ముంబయిలో కాలా ఘోడా ఎక్కడని అడిగితే టాక్సీవాలా మరో మాట లేకుండా తీసుకెళతాడు. విచిత్రమేమిటంటే, ఆ పేటకు పేరు తెచ్చిన నల్లగుర్రం యాభై ఏళ్లకు పైగా అక్కడ లేనే లేదు. తర్వాతి కాలంలో ఏడో ఎడ్వర్డ్ రాజైన బ్రిటిష్ యువరాజు దాని మీద స్వారీ చేస్తుండేవాడు. 1965లో ఆ విగ్రహాన్ని తొలగించి బైకుల్లా జంతుప్రదర్శనశాలకు చేర్చారు. దొర పోయాడు, పేరు మిగిలింది. 2017లో అక్కడ మళ్లీ ఓ నల్లగుర్రాన్ని నిలబెట్టారు. ఈసారి వీపు మీద ఎవరూ లేరు.

ఆ ఖాళీ జీను ఎవరిదన్న ప్రశ్నకు ఏటా తొమ్మిది రోజులు జవాబు దొరుకుతుంది. 1998లో ఏర్పడిన కాలా ఘోడా అసోసియేషన్ మరుసటి ఏడాది నుంచి నిర్వహిస్తున్న కళోత్సవం అది. చిత్రకళ, నాట్యం, సంగీతం, నాటకం, సినిమా, సాహిత్యం, పిల్లల వర్క్‌షాపులు, పాత భవనాల మధ్య నడకలు... అన్నీ ఆ నాలుగు వీధుల్లోనే. ప్రవేశం ఉచితం. కొవిడ్ విరామం తర్వాత 2023లో తిరిగి మొదలైనప్పుడు జనం అదే ఉత్సాహంతో తరలివచ్చారు.

ఉచితమన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. మన మధ్యతరగతికి సినిమా హాలన్నా గుడి అన్నా బెరుకు లేదు. ఆర్ట్ గ్యాలరీ గడప అలాంటిది కాదు. లోపలికెళితే ఏదైనా కొనాలేమో, అర్థం కాలేదంటే నవ్వుతారేమోనన్న భయం. కళే వీధిలోకి వచ్చి నిలబడితే ఆ భయం సగం పోతుంది. విరార్ లోకల్ దిగి పిల్లలతో వచ్చిన గుమాస్తా కుటుంబం ముందు వీధిలో శిల్పాన్ని చూసి, ఆ ఊపులోనే 1952 నాటి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలోకీ అడుగుపెడుతుంది. ఈ ఉత్సవం సాధించిన అసలు విజయం అదే. వచ్చిన నిధుల్లో కొంత చుట్టుపక్కల వారసత్వ కట్టడాల మరమ్మతుకు వెళ్లడం మరో మేలు.

అయితే తొమ్మిది రోజుల జనసందోహం మిగతా 356 రోజులకు పూచీ పడదు. జహంగీర్‌లో చిత్రకారులు, కవులు చవగ్గా టీ తాగుతూ గంటలు గడిపిన సమోవర్ కేఫ్ 2015లో మూతపడింది. ఎదురుగా ఉన్న సంగీత ప్రియుల అడ్డా రిథమ్ హౌస్ 2016లో షట్టర్ దించేసింది. లూమియేర్ సోదరుల చిత్రాలను 1896 జూలై 7న భారతదేశంలో తొలిసారి ప్రదర్శించిన వాట్సన్ హోటల్ కూడా ఇక్కడిదే. ఎస్‌ప్లనేడ్ మాన్షన్‌గా పేరు మారిన ఆ భవనంలో కొంత భాగం 2005లో కూలి వీధిన పడింది. సినిమాను ఇంతగా ఆరాధించే దేశం ఆ సినిమా అడుగుపెట్టిన ఇంటిని చూసుకున్న తీరు అది. సెల్ఫీల కోసం వచ్చే జనం ఏటా పెరగొచ్చు. కానీ కళాకారుడు రోజూ కూర్చునే చోటు కరువైతే ఆ పేట ఉత్తి సెట్టింగుగా మిగులుతుంది.

ఈ నగరానికీ మనకూ పాత బంధుత్వం ఉంది. కాలా ఘోడాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వలస వెళ్లిన కామాఠీల వల్లే. బొంబాయిలో ఇటుకా సున్నమూ మోసిన చేతులవి. వారసత్వ భవనాల గురించి మాట్లాడేటప్పుడు విరాళమిచ్చిన వారి పేరు, ఆర్కిటెక్ట్ పేరు వినిపిస్తాయి. మేస్త్రీ పేరు ఏ శిలాఫలకం మీదా ఉండదు.

అందుకే ఉత్సవానికి కొలబద్ద ఎంతమంది వచ్చారన్నది కాదు. వేదికలు విప్పేశాక, ఓ మామూలు మంగళవారం మధ్యాహ్నం, జహంగీర్ బయట ఫుట్‌పాత్ మీద బొమ్మలు పెట్టుకుని కూర్చున్న చిత్రకారుడి ముందు ఎవరైనా ఆగారా లేదా అన్నదే. రౌతు లేని గుర్రం అందరిదీ అనిపిస్తుంది. దానికి రోజూ గడ్డి వేసే బాధ్యత కూడా అందరిదీ కాకపోతే, అది ఎవరిదీ కాకుండా పోతుంది.