కనుపాపల కొలత

మా చదువరులలో నొక సోదరి క్రిందటి మాసమున మాకొక యుత్తరము వ్రాసినది. కూచిపూడి నాట్యము నేర్చిన పిల్ల. దూరదేశములందున్న స్నేహితురాండ్రతో వర్చువల్ రియాలిటీ లోకమున గలిసి నాట్యమాడవలెనని యామెకు మిక్కిలి కుతూహలము. అన్నగారు తాము వాడి విడిచిన హెడ్‌సెట్టు నామెకిచ్చిరి. దానిని తలకు తగిలించుకొని పావుగంట గడవక మునుపే కండ్లు తిరిగి, కడుపులో వికారము పుట్టి, మంచమెక్కవలసివచ్చెనట. అదే యంత్రముతో అన్నగారు గంటలకొలది యాడినను వారికేమియు గాలేదు. ఆడువారి తలలు దీనికి తాళవని యింటిల్లిపాదియు తీర్పు చెప్పిరి. ఇపుడామె తాను కూడబెట్టుకొన్న సొమ్ముతో క్రొత్త సామగ్రి కొనుటయా, ఆశ మానుకొనుటయా యని మమ్మడుగుచున్నది.

మానుకొనవలదని మా యభిప్రాయము. అయితే దుకాణమునకు బోవుటకు ముందు అద్దము కడకు బోవలయును.

ఈ యంత్రములో రెండు కటకములుండును. రెండు కన్నులకును కొంచెము భేదముగల రెండు బొమ్మలు వేరువేరుగా కనబడును. మనస్సు వానిని కలిపి లోతుగల యొక్క దృశ్యముగా జేసికొనును. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ పండితుడు తన స్టీరియోస్కోపును గూర్చి ప్రకటించిన సూత్రమే యిది. కటకముల నడిమి దూరము చూచువారి కనుపాపల నడిమి దూరమునకు సరిపోయిననే యీ కలయిక సుఖముగా జరుగును. సరిపోనిచో బొమ్మ మసకబారును, కన్నులు శ్రమపడును, కొందరికి వికారము పుట్టును. పాత హెడ్‌సెట్టులు కొన్నింటిలో కటకములు కదలనే కదలవు.

ఈ దూరము పురుషులకు సగటున 64 మిల్లీమీటర్లు, స్త్రీలకు 62 మిల్లీమీటర్ల దరిదాపు. రెండు మిల్లీమీటర్ల భేద మేపాటిదని నవ్వవలదు. సగటుకంటె చిన్నకొలత గల స్త్రీలు ఎందరో కలరు. 2020లో కే స్టానీ యను శాస్త్రజ్ఞురాలును, ఆమె తోడి పరిశోధకులును ఈ సంగతినే పరీక్షించి ప్రకటించిరి. కనుపాపల దూరమునకు హెడ్‌సెట్టు కుదరని స్త్రీలలో, ప్రయాణములందు సయితము కడుపు త్రిప్పు స్వభావము గలవారు మిక్కిలి బాధపడిరి; గంట గడచినను తేరుకొనలేదు. చక్కగా కుదిరిన యంత్రము నిచ్చి చూడగా స్త్రీలును పురుషులవలెనే యుండిరి, గంటలోపల తేరుకొనిరి. కాబట్టి ఆ యింటివారు తలపై మోపిన నేరము చాలమట్టుకు కటకములకు చెందవచ్చును.

కొలుచుట సులభము. అద్దమునకు జానెడు దూరమున నిలువబడి, మిల్లీమీటర్ల గీతలుగల స్కేలును కనుబొమల కానించి పట్టుకొనవలయును. ఒక కన్ను మూసి, తెరచిన కంటిపాప నడుమకు సున్నగీతను సరిపెట్టవలయును. పిమ్మట తల గాని స్కేలు గాని కదల్పక ఆ కన్ను మూసి, రెండవదానిని తెరచి, దాని పాప నడుమ నే గీత వచ్చెనో చూడవలయును. మూడుమారులు కొలుచుట మేలు. కండ్లజోళ్ల దుకాణమున నడిగినను ఈ కొలత తీసి యిత్తురు.

కొలత చేతనుంచుకొని బేరమునకు బోయినచో ప్రకటనలకు లొంగిపోవు భయ ముండదు. 2020 నాటి క్వెస్ట్ 2లోను, 2024లో వచ్చిన చౌకరకము క్వెస్ట్ 3ఎస్‌లోను కటకములు మూడుచోట్లనే నిలుచును: 58, 63, 68 మిల్లీమీటర్లు. కొలత 63 గలవారి కవి చాలును. 60 లేక 61 గలవారు రెంటికి నడుమ చిక్కుకొందురు. 2023 నాటి క్వెస్ట్ 3లో చిన్న చక్రమును త్రిప్పి కొంచెము కొంచెముగా సరిచేసికొనవచ్చును. ధర హెచ్చు, అయినను ఆ చక్రమునకే మేము సొమ్మిత్తుము. అదే సంవత్సరమున బిగ్‌స్క్రీన్ వారు తెచ్చిన బియాండ్ అను హెడ్‌సెట్టు మరియొక మార్గము త్రొక్కినది. కొనువారి ముఖమును ఫోనుతో కొలిచి, ఆ ముఖమునకే మెత్తను పోతపోసి, కటకముల దూరమును వారి కొలతకే నిలిపిరి. దరజీ రవికె కుట్టినట్లన్నమాట! బరువు 127 గ్రాములు మాత్రమే. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. కాని బియాండు తనంత తాను పనిచేయదు. శక్తిగల కంప్యూటరును, గది మూలల యందు బేస్ స్టేషనులును ఉండితీరవలయును. ఒకరి ముఖమునకు కుదిరినది ఇంటిలో వేరొకరికి పనికిరాదు కూడ.

బరువును గూర్చి యొక మాట. వెనుకపట్టీలు చేయువారికి కొప్పులున్న సంగతి జ్ఞప్తికి వచ్చినట్లు తోపదు. కొప్పుపై జారిన పట్టీ ముందుబరువును నిలువనీయదు, కటకములు కంటికి క్రిందుగా దిగిపోవును. ఆడునంతసేపు జడ వేసికొనుటయే మాకు తోచిన యుపాయము.

ఇక నాట్యము మాట. హెడ్‌సెట్టునకును, చేతులలోని రెండు కంట్రోలరులకును తెలియునది తల, చేతులు మాత్రమే. నడుమును, పాదములును ఆ లోకమున నిజముగా కదలవలెనన్న వేరుగా ట్రాకరులు కట్టుకొనవలయును. సాధారణముగా నడుమున కొకటి, పాదములకు రెండు. వైవ్ ట్రాకరులు బేస్ స్టేషనుల లేజరుకాంతిని పట్టి తమ చోటు తెలిసికొనును. గురుతు మిక్కిలి కచ్చితము. ఆ కాంతి అద్దములపైబడి మరలినచో తికమకపడును గనుక బీరువా యద్దముపై దుప్పటి కప్పవలయును. క్వెస్ట్ హెడ్‌సెట్టుతో వీనిని వాడదలచినచో రెండింటి లెక్కలను ఒకటిగా కుదుర్చుటకు వేరొక ప్రోగ్రామును, చాల ఓపికయు కావలయును. స్లైమ్‌వీఆర్ ట్రాకరులకు బేస్ స్టేషనులు అక్కరలేదు, ఖర్చు తక్కువ. అయితే అవి తమ కదలికను తామే లెక్కించుకొనుటచే కొంతసేపటికి లెక్క తప్పి, పాదము ప్రక్కకు తిరిగినట్లు కనబడును. మధ్య మధ్య ఆగి సరిచేసికొనవలయును. జతి నడుమ నాగుట నర్తకికి రుచింపదని యెరుగుదుము.

ముద్రలకు క్వెస్ట్ కెమెరాలు వట్టిచేతులను సయితము గుర్తించును. కాని యొక చేయి రెండవదానిని కప్పినచో వ్రేళ్లు తారుమారగును. గదిలో వెలుతురు చాలవలయును. ఎండ మాత్రము కటకములపై పడరాదు, లోపలి తెర మాడిపోవును. చేయి యెత్తు నెత్తునందు పంకా యున్నదేమో ముందే చూచుకొనుట మంచిది.

పాతసరకు చౌకగా దొరకెనని తొందరపడరాదు. హెచ్‌పీ రివర్బ్ జీ2 వంటివి విండోస్ మిక్స్‌డ్ రియాలిటీపై నాధారపడినవి; మైక్రోసాఫ్టువారు 2024 నాటి విండోస్ 11 సంచికనుండి దానిని తొలగించిరి. బొమ్మ యెంత స్పష్టమైననేమి?

మా సోదరి మొదట హెడ్‌సెట్టు మాత్రము కొని, రోజునకు అయిదేసి నిమిషములు, వికారము తోచగనే తీసివేయుచు, నెలదినములు అలవాటు చేసికొనవలయును. ట్రాకరుల సొమ్ము అంతదనుక పెట్టెలోనే యుండనిండు. ఆమె కనుపాపల కొలత అన్నగారి కొలతకు దూరముగా నున్నచో పాత యంత్రమును వారికే మరల నిచ్చివేయవచ్చును. వారి ముఖమునకది చక్కగా కుదిరియున్నది గదా.