నీటికి దారి విడువుడి

ధ్యానభాగము: లూకా 6:46–49, ద్వితీయోపదేశకాండము 22:8



తొలకరి జల్లులు పడగానే మా అరకు లోయ సంఘములలో వాన కొరకు స్తోత్రము చెల్లించుదుము. అదే నోటితో వాననుండి కాపుదల కొరకును ప్రార్థించుదుము. కొండ క్రింద కాపురమున్నవారికి ఈ రెండును అవసరమే.

హిమాలయములలో పాత మంచు మీద కొత్త మంచు పడినప్పుడు, లోపలనున్న బలహీనమైన పొర పట్టు విడిచిన యెడల పైనున్నదంతయు ఒక్కసారిగా జారిపోవును. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో పర్వతారోహణ శిక్షణ పొందుచున్న అనేకమంది యౌవనస్థులు ఆలాగుననే మరణించిరి. మన తూర్పు కనుమలలో జారునది మంచు కాదు, మట్టి. పైన ఎర్రమట్టి, క్రింద రాయి. ఇంకిన నీరు ఆ రాయి మీద నిలిచి, బయటికి దారి లేక మట్టిని లోపలినుండి నెట్టును. మట్టి బరువెక్కును, పట్టు తగ్గును. చెట్లు నరికినచోట, కొండ పాదమును తవ్వినచోట అపాయము అధికము. 1960 దశాబ్దములో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గములో 58 సొరంగములున్నవి. వానాకాలములో ఆ పట్టాల మీద బండలు పడి రైళ్లు ఆగిన సంగతి ఇక్కడివారెరిగినదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వేళ ఒడిశాలోని గజపతి జిల్లాలో, వానకు తలదాచుకొన్నవారి మీదనే కొండచరియ విరిగిపడినది. 2024 జూలై 30న కేరళలోని వయనాడులో రాత్రివేళ నిద్రలోనే వందలమంది ప్రాణములు కోల్పోయిరి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రితము మా మందిరము వెనుక కొండను తవ్వి, సండేస్కూలు పిల్లల కొరకు గది వేసి, దాని వెనుక రాతిగోడ కట్టించితిమి. మా సంఘములోని ఒక ఆదివాసీ పెద్దాయన వచ్చి, “అయ్యగారూ, గోడలో నీళ్లకు కన్నాలుంచండి. కొండ నీళ్లు తాగుతాది. తాగిన నీళ్లు ఎటు పోతాయి?” అని అడిగెను. “ప్రార్థన చేసి కట్టుచున్నాము, దేవుడే చూచుకొనును” అంటిని. అది విశ్వాసమనుకొంటిని. రెండవ వానాకాలములో ఒక శనివారము రాత్రి ఆ గోడ పగిలి గదిలో పడినది. తెల్లవారితే అక్కడ పిల్లలు కూర్చుండవలసినవారు. ఆ ఆదివారము సంఘము ఎదుట ఆ పెద్దాయనను క్షమాపణ అడిగితిని.

ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టుమని ధర్మశాస్త్రము ఎందుకు చెప్పినది? ఎవడైనను పడి చనిపోయిన యెడల ఆ దోషము ఇంటివాని మీద ఉండును గనుక. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఓడలోనివారి ప్రాణములకు హాని కలుగదని పౌలుకు దేవుని వాగ్దానము ఉన్నను, నావికులు ఓడ విడిచిపోకూడదని అతడు గట్టిగా హెచ్చరించెను. వాగ్దానమును నమ్మినవాడే జాగ్రత్తను విడువలేదు.

కాబట్టి కొండవాలున ఉన్న కుటుంబములారా, ఈ గురుతులు చూడుడి. నేల మీద కొత్త బీటలు, ఒరిగిన చెట్లు లేక స్తంభములు, బిగుసుకొనిపోయిన తలుపులు, ఉన్నట్టుండి బురదగా మారిన ఊట. ఇవి కనబడిన యెడల చీకటి పడకముందే ఇల్లు విడిచి, వాలుకును గెడ్డకును దూరమైన చోటికి వెళ్లుడి. పంచాయతీవారికి తెలియజేయుడి. రేషను కార్డు, ఆధారు కార్డు ప్లాస్టిక్ కవరులో సిద్ధముగా ఉంచుడి. సమతల ప్రదేశమందున్న సంఘములు ఆ రాత్రులలో మందిరపు తాళము తీసియుంచవలెను.

మరియొక మాట. గోడ వెనుక నిలిచిన నీటివంటిదే ఇంటిలో చెప్పుకొనని కోపము. భార్యాభర్తలు, అత్తాకోడళ్లు పైకి మౌనముగానే ఉందురు. లోపల బరువు పెరుగుచుండును. ఒక దినము చిన్న మాటకే అంతయు కూలును. ఒకరితో ఒకరు తప్పులు ఒప్పుకొనుడని యాకోబు పత్రిక నేర్పునది ఆ గోడలోని కన్నములవంటిదే. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఎవరితో ఏమి చెప్పవలసియున్నదో చెప్పుడి.

ప్రార్థన: ప్రభువా, మా గర్వమును అణచి, హెచ్చరించువారి మాట వినునట్టి చెవులను మాకిమ్ము. ఈ వానాకాలములో కొండలలోని మా బిడ్డలను కాపాడుము. ఆమెన్.